ఫోమ్ బదులు ఏం పెట్టాలి? నీళ్లు వాడని ఫైర్ సిస్టమ్‌లలో మీ ఫ్యాక్టరీకి సరిపోయేది

గాజులమండ్యం పారిశ్రామిక ఎస్టేట్ అయినా, శ్రీసిటీ అయినా, చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలైనా ఈమధ్య సేఫ్టీ ఆఫీసర్లు, యజమానులు అడుగుతున్నది ఒకటే. "ఫోమ్ మంచిది కాదంటున్నారు, దాని బదులు ఏం పెట్టమంటారు? నీళ్లే అక్కర్లేని సిస్టమ్‌లు వచ్చాయట కదా?" వచ్చాయి. అయిదారు రకాలున్నాయి. కానీ వాటిలో ఏది మంచిదని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఏ గదికి, ఏ మంటకు అని అడిగితే చెప్పొచ్చు. సేల్స్ వాళ్లు సిలిండర్ నుంచి మొదలుపెడతారు. నేను గది నుంచి మొదలుపెట్టమంటాను. ఎంత ఖరీదైన గ్యాస్ కొన్నా, కేబుల్ కోసం గోడకు కొట్టిన కన్నం మూయకపోతే అది ఆ కన్నంలోంచి బయటికి పోతుంది, మంట లోపలే ఉంటుంది.

ఫోమ్‌తో వచ్చిన చిక్కు

పెట్రోలు, డీజిల్, థిన్నర్ లాంటివి అంటుకుంటే నీళ్లు పనికిరావు. మండే ద్రవం నీటి మీద తేలి ఇంకా దూరం పాకుతుంది. అందుకే 1960లలో అమెరికా నౌకాదళం, 3ఎం కంపెనీ కలిసి ఏఎఫ్ఎఫ్ఎఫ్ అనే ఫోమ్ తయారుచేశాయి. అది ద్రవం మీద పల్చటి పొరలా పరుచుకుని గాలి తగలకుండా చేస్తుంది. పనితనంలో దానికి వంక పెట్టలేం. ఇబ్బందంతా ఆ పొరను తయారుచేసే పీఫాస్ రసాయనాలతోనే. ఫ్లోరిన్, కార్బన్ అంత గట్టిగా కలిసి ఉండడం వల్ల మట్టిలో పడినా, నీళ్లలో కలిసినా అవి విరిగిపోవు. వీటిలో పీఎఫ్ఓఎస్‌ను 2009లో, పీఎఫ్ఓఏను 2019లో ఇలా విరగని విష రసాయనాల మీద దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం కింద నియంత్రణ జాబితాల్లో చేర్చారు. పీఎఫ్ఓఏ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023 డిసెంబరులో తేల్చింది. ఈ రెండింటికీ తాగునీటిలో లీటరుకు 4 నానోగ్రాములు మించకూడదని 2024లో అమెరికా హద్దు పెట్టింది. 3ఎం కూడా 2025 చివరికల్లా పీఫాస్ తయారీ మొత్తం ఆపేస్తామని 2022 డిసెంబరులో ప్రకటించింది.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోవద్దు. మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పల్లెలు చాలావరకు బోరు నీళ్ల మీదే బతుకుతున్నాయి. కింద ఉన్నది రాతి నేల. నీళ్లు బండల పగుళ్లలోంచి ఎటు పోతాయో పైనుంచి చెప్పలేం. మాక్ డ్రిల్‌లో నేల మీద కొట్టిన ఫోమ్‌ను హోస్‌తో కడిగితే అది కాలువలోకి, కాలువ నుంచి చెరువులోకి పోతుంది. అక్కడి నుంచి ఏ బోరులో తేలుతుందో ఎవరికి తెలుసు? శ్రీసిటీ వైపైతే పులికాట్ సరస్సు ఎంతో దూరంలో లేదు. నా పట్టుదలంతా దీని గురించే. మంట ఒక్కరోజుతో ఆరిపోతుంది. నీళ్లలో కలిసిన విషం మన పిల్లల కాలంలోనూ పోదు.

నీళ్ల సంగతి మరొకటి. 3 శాతం ఫోమ్ అంటే మిగతా 97 శాతం నీళ్లే. మే నెలలో బోర్లు గాలి కొడుతుంటే, ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఫ్యాక్టరీల్లో ఫైర్ సంపును నిండుగా ఉంచడం ఎంత కష్టమో నడిపేవాళ్లకే తెలుసు. తోతాపురి సీజన్ కూడా దాదాపు అప్పుడే మొదలవుతుంది.

నీళ్లు లేకుండా కుదరని చోట్లు

ముందు ఇది చెప్పాలి, ఎందుకంటే కొటేషన్‌లో ఎవరూ రాయరు. గ్యాస్ పెట్టించాం కదా అని మంటకు నీళ్లందించే హైడ్రెంట్ లైన్, సంపు తీసేయడానికి లేదు. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 నాలుగో భాగం ఫ్యాక్టరీ విస్తీర్ణాన్ని, ప్రమాద స్థాయిని బట్టి నీటి ఏర్పాట్లు అడుగుతుంది. ఫైర్ ఎన్ఓసీకి (అగ్నిమాపక శాఖ అనుమతి పత్రానికి) వచ్చే అధికారులు చూసేదీ అదే. నీళ్లు లేని సిస్టమ్ ఆ నీటికి తోడు మాత్రమే. అది తీసేయగలిగింది ఫోమ్‌ను, అదీ కొన్ని చోట్లే.

నగరి, పుత్తూరు పవర్‌లూమ్ షెడ్లనే చూడండి. దూది పీచు, నూలు బేళ్లు అంటుకుంటే మంట పైకి కనిపించేది కొంచెమే, లోపల నిప్పు గంటల తరబడి రాజుకుంటుంది. గ్యాస్ వదిలితే పై మంట పోతుంది. తలుపు తీయగానే గాలి తగిలి మళ్లీ లేస్తుంది. బేలు లోపలికి చొరబడి చల్లార్చేది నీళ్లే. అట్టపెట్టెల గోడౌన్‌కూ ఇదే వర్తిస్తుంది.

లిథియం బ్యాటరీలు ఇంకా ముఖ్యం. యూపీఎస్ గదుల్లో సీసం బ్యాటరీలు తీసి లిథియం పెడుతున్నారు, ఈ-బైక్ ప్యాక్‌లు కట్టే యూనిట్లూ వస్తున్నాయి. లిథియం సెల్ వేడెక్కి అదుపు తప్పితే ఆ వేడి లోపలి రసాయన చర్య నుంచే వస్తుంది. బయటి ఆక్సిజన్ తగ్గించినంత మాత్రాన అది ఆగదు. 2019 ఏప్రిల్‌లో అమెరికాలోని ఆరిజోనాలో ఒక విద్యుత్ నిల్వ కేంద్రంలో సరిగ్గా ఇదే జరిగింది. గ్యాస్ సిస్టమ్ విడుదలైంది, కానీ సెల్‌లు ఒకదాన్నుంచి ఒకటి వేడెక్కుతూ మండే వాయువులు వదులుతూనే ఉన్నాయి. అవి మూసిన గదిలో పేరుకున్నాయి. తలుపు తెరిచాక పేలుడు జరిగి ఫైర్ సిబ్బంది తీవ్రంగా గాయపడ్డారు. లిథియానికి గ్యాస్ చాలని ఎవరైనా చెప్తే ఆ కొటేషన్ పక్కన పెట్టేయండి. అక్కడ కావలసింది పుష్కలంగా నీళ్లు, ర్యాకుల మధ్య దూరం, వాయువులు బయటికి పోయే దారి.

సీసం బ్యాటరీ చార్జింగ్ గదిలో ఇంకో రకం ఇబ్బంది. అక్కడ హైడ్రోజన్ పుడుతుంది, గాలిలో 4 శాతం చేరితే అంటుకునే స్థితికి వస్తుంది. అందుకని ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలి. ఫ్యాన్లు తిరిగే గదిలో గ్యాస్ నిలవదు. ఆ గదికి అసలు రక్షణ గాలి ఆడటమే.

ఆరుబయట పెద్ద డీజిల్, సాల్వెంట్ ట్యాంకులుంటే ఫోమ్‌ను పూర్తిగా వదిలేయమని నేను చెప్పను. ఫ్లోరిన్ లేని ఫోమ్‌లు వచ్చాయి, వాటికి మారండి. అయితే పాత డ్రమ్ము తీసి కొత్తది పోస్తే సరిపోదు. చిక్కదనం వేరు కాబట్టి ప్రపోర్షనర్ (నీళ్లలో ఫోమ్‌ను పాళ్ల ప్రకారం కలిపే పరికరం), నాజిల్ సరిపోతాయో లేదో తయారీదారు రాసివ్వాలి.

ఇక నీళ్లు వాడని రకాలు

డ్రై పౌడర్ అందరికీ తెలిసిందే. గుమ్మం పక్కన వేలాడే ఎర్ర సిలిండర్‌లో ఎక్కువగా ఉండేది ఏబీసీ పౌడర్. మంటలోని గొలుసు చర్యను తెంచుతుంది, థిన్నర్ మంటను క్షణాల్లో పడగొడుతుంది. చవక, రీఫిల్ ఎక్కడైనా దొరుకుతుంది. డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) దగ్గర, పెయింట్ కలిపే చోట, డీజిల్ దించే చోట నేను మొదట పెట్టించేది ఇదే. లోటు ఏమిటంటే ఇది వేడిని చల్లబరచదు. ఇనుప పళ్లెం ఎర్రగా కాలి ఉంటే ఆరిన థిన్నర్ మళ్లీ అంటుకుంటుంది.

దీన్ని కరెంటు ప్యానెల్ రూమ్‌లో మాత్రం పెట్టకండి. పౌడర్ కొట్టిన ప్యానెల్ తలుపు వారం తర్వాత తెరిచి చూడండి. బస్‌బార్ల మీద, కాంటాక్టర్ల సందుల్లో, రిలే కాళ్ల చుట్టూ పసుపు పొడి అంటుకుని, గాలిలోని తేమకు ముద్దయి ఉంటుంది. రాగి ఉన్న చోట పచ్చగా చిలుము కనిపిస్తుంది. ఆ ఫాస్ఫేట్ పొడి తడిసి ఆమ్లంలా లోహాన్ని తింటుంది. ఒక చిన్న కేబుల్ మంటకు ప్యానెల్ మొత్తం మార్చాల్సి వస్తుంది.

మెగ్నీషియం, అల్యూమినియం పొడి, టైటానియం చిప్స్ ఉన్న మెషిన్ షాపులకు డి క్లాస్ పౌడర్ వేరే ఉంటుంది. మండే మెగ్నీషియం మీద నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుడుతుంది. అక్కడ వేరే ఆలోచనే వద్దు.

సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) విషయానికొస్తే, మరక మిగలదు, కరెంటును మోయదు, రీఫిల్ చవక. చేతి సిలిండర్‌గా ప్యానెల్ రూమ్ గుమ్మం దగ్గర దీన్ని మించింది లేదు. ప్రింటింగ్ మెషిన్లు, ఆయిల్ డిప్ ట్యాంకుల మీదికి నేరుగా కొట్టే ఏర్పాటుగానూ బాగుంటుంది. కానీ గది మొత్తం నింపే సిస్టమ్‌గా పెట్టాలంటే నేను ఒప్పుకోను, మనుషులు తిరిగే గదైతే అసలే వద్దంటాను. మంట ఆరడానికి గాలిలో 34 శాతం, కేబుళ్లకైతే 50 శాతం దాకా సీఓ2 కావాలి. మనిషికి 10 శాతం దాటితేనే నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. 17 శాతం పైన ఒక్క నిమిషంలోనే కుప్పకూలి ప్రాణం పోవచ్చు. అంటే మంటను ఆర్పే మోతాదే మనిషిని చంపుతుంది. మనుషులు అడుగుపెట్టని ట్రాన్స్‌ఫార్మర్ గది, కేబుల్ సొరంగం లాంటివి వేరు. అక్కడ కూడా లోపలికి వెళ్లేటప్పుడు సిస్టమ్‌ను లాక్ చేసే మెకానికల్ వాల్వ్ లేకుండా ఒప్పుకోకండి.

దీనికి మన ఎండ ఇంకో చిక్కు తెస్తుంది. సీఓ2 31 డిగ్రీల దాకే సిలిండర్‌లో ద్రవంగా ఉంటుంది. ఆ పైన వేడి పెరిగేకొద్దీ ఒత్తిడి ఎగబాకుతుంది. రేకుల షెడ్డులో పైకప్పు కింద మే నెల మధ్యాహ్నం ఎంత వేడి ఉంటుందో మనకు తెలుసు. సీఓ2 అనే కాదు, ఏ గ్యాస్ సిలిండర్లనైనా నీడలో, గాలి ఆడే చోట పెట్టండి, లేబుల్ మీద రాసిన గరిష్ఠ ఉష్ణోగ్రత చదవండి.

జడ వాయువులు నాకు బాగా నచ్చిన దారి. నైట్రోజన్ ఒక్కటే ఉంటే ఐజీ-100, నైట్రోజన్, ఆర్గాన్ సగం సగమైతే ఐజీ-55, వాటికి 8 శాతం సీఓ2 కలిపితే ఐజీ-541. ఇవన్నీ మనం పీల్చే గాలిలో ఉన్నవే. గదిలో ఆక్సిజన్‌ను 21 శాతం నుంచి 12, 13కు దించుతాయి. అక్కడ మామూలు మంట బతకదు. ఆరోగ్యవంతుడైన మనిషి మాత్రం కొద్ది నిమిషాల్లో బయటపడగలడు. పీఫాస్ లేదు, ఓజోన్ సమస్య లేదు, మంటలో పడి విషవాయువుగా మారేది లేదు. అన్నిటికంటే మన ప్రాంతానికి కలిసొచ్చేది, నైట్రోజన్ పరిశ్రమల్లో రోజూ వాడే గ్యాస్. చెన్నై పక్కనే ఉంది, రీఫిల్‌కు నెలల తరబడి కూర్చోనక్కర్లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. సిలిండర్లు 200, 300 బార్‌ల ఒత్తిడిలో ఉంటాయి, ఎక్కువ కావాలి, చోటు పడుతుంది. గ్యాస్ ఒక్కసారిగా దూరినప్పుడు గది ఒత్తిడి పెరిగి అద్దాలు, జిప్సం గోడలు పగలొచ్చు కాబట్టి ఆ ఒత్తిడిని బయటికి వదిలే ప్రెషర్ వెంట్ తప్పనిసరి. మోత కూడా భయంకరంగా ఉంటుంది. 2016 సెప్టెంబరులో బుకారెస్ట్‌లో ఒక బ్యాంకు డేటా సెంటర్‌లో పరీక్ష కోసం గ్యాస్ వదిలితే ఆ చప్పుడు అదురుకే హార్డ్ డిస్కులు దెబ్బతిని సేవలు ఆగిపోయాయి. సర్వర్లున్న గదికి సైలెన్సర్ నాజిళ్లు అడగండి.

క్లీన్ ఏజెంట్లు అని పిలిచేవి, అంటే మరక మిగల్చని రసాయనాలు, ముఖ్యంగా రెండు. హెచ్ఎఫ్‌సీ-227ఈఏను మార్కెట్లో ఎఫ్ఎం-200 అంటారు. చిన్న చోటులో ఇమిడిపోతుంది, 10 సెకన్లలో గది నింపుతుంది. కానీ భూతాపం విషయంలో ఇది సీఓ2 కంటే 3,000 రెట్లకు పైగా చెడ్డది. ఇలాంటి హెచ్ఎఫ్‌సీలను తగ్గించే 2016 కిగాలి ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది. 2028లో హెచ్ఎఫ్‌సీల వాడకం పెరగకుండా ఆపి, 2032 నుంచి తగ్గిస్తూ పోవాలి. ఇప్పుడు కొత్తగా పెట్టిస్తే ఇరవై ఏళ్ల సిస్టమ్‌కు రీఫిల్ ధర ఏటేటా పెరుగుతుందని లెక్క వేసుకోండి.

రెండోది ఎఫ్‌కే-5-1-12. నోవెక్ 1230 అనే పేరుతో 3ఎం తెచ్చింది, ఇప్పుడు వేరే కంపెనీలు తయారుచేస్తున్నాయి. మామూలు ఉష్ణోగ్రతలో నీళ్లలా కనిపించే ద్రవం, 49 డిగ్రీలకే మరుగుతుంది. వాతావరణంలో కొద్ది రోజుల్లోనే విరిగిపోతుంది, భూతాపానికి దాదాపు కారణం కాదు. రేణిగుంట వైపు ఫోన్లు, సర్క్యూట్ బోర్డులు తయారయ్యే ఎలక్ట్రానిక్స్ యూనిట్లలో సర్వర్ రూమ్‌కు, ఖరీదైన టెస్టింగ్ పరికరాలున్న గదికి ఇది చక్కగా సరిపోతుంది. అయితే ఒక సంగతి తెలిసి కొనండి. ఇందులోనూ ఫ్లోరిన్ ఉంది, సంపన్న దేశాల సంస్థ ఓఈసీడీ ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఇదీ పీఫాస్ కుటుంబమే. యూరప్‌లో పీఫాస్ మీద ఆంక్షల ప్రతిపాదన నడుస్తోంది. పీఫాస్ భయంతో ఫోమ్ వదిలినవాళ్లు మళ్లీ అదే కుటుంబంలోకి వస్తున్నామా అని ఆలోచించాలి. ఫోమ్‌లా ఇది నేలలో పడి నిలిచేది కాదు, రెండూ ఒకటే అనడం న్యాయం కాదు. అయినా యూరప్‌కు సరుకు పంపే కంపెనీ అయితే నేను జడ వాయువుల వైపే మొగ్గుతాను. ఇంకొకటి, ఈ రెండు ఏజెంట్లూ పెద్ద మంటలో పడితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే ఘాటైన విషవాయువు పుడుతుంది. అందుకే మంట చిన్నగా ఉన్నప్పుడే పసిగట్టే డిటెక్టర్లు కావాలి.

ఏరోసాల్ చిన్న డబ్బాలు. అంటుకోగానే పొటాషియం రేణువుల పొగ చిమ్ముతాయి. పైపులు లేవు, ఒత్తిడి సిలిండర్లు లేవు. కరెంటు ప్యానెల్ లోపల, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్ లోపల, లిఫ్ట్ కంట్రోలర్‌లో అద్భుతంగా పనిచేస్తాయి. మనుషులుండే గదికి వద్దు. పొగలో తలుపు కనిపించదు, డబ్బా నోటి దగ్గర వేడి విపరీతంగా ఉంటుంది.

ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం 10 ఎంవీఏ, అంతకు మించి ఉంటే కొంత ఆయిల్ దించేసి అడుగు నుంచి నైట్రోజన్ పంపే సిస్టమ్ ఉంది. నైట్రోజన్ ఆయిల్‌ను కలియబెట్టి పైన వేడిని తగ్గిస్తుంది. నీళ్ల స్ప్రే బదులు దీన్ని మన విద్యుత్ భద్రతా నిబంధనలు ఒప్పుకుంటాయి. నీళ్లకు కటకటలాడే సబ్‌స్టేషన్లకు ఇది మంచి ఎంపిక.

ఒక గది లెక్క

5 మీటర్ల పొడవు, 4 వెడల్పు, 3 ఎత్తు ఉన్న ప్యానెల్ రూమ్ తీసుకుందాం. 60 ఘనపు మీటర్లు. ఎఫ్‌కే-5-1-12 అయితే దాదాపు 50 కిలోలు కావాలి, హెచ్ఎఫ్‌సీ-227ఈఏ 38 కిలోలు. సీఓ2 దాదాపు 90 కిలోలు, అంటే 45 కిలోల సిలిండర్లు రెండు. నైట్రోజన్ అయితే 80 లీటర్ల, 200 బార్ సిలిండర్లు రెండు, మూడు. ఏరోసాల్ 5, 6 కిలోలు. ఇవి అంచనాలే, ఎఫ్‌కే, హెచ్ఎఫ్‌సీ, నైట్రోజన్‌లకు డిజైన్ చేసేవాళ్లు ఐఎస్ఓ 14520 లేదా ఎన్ఎఫ్‌పీఏ 2001 ప్రమాణాల ప్రకారం లెక్క కట్టివ్వాలి. కానీ ఎవరైనా ఈ గదికి 20 కిలోల ఎఫ్‌కే చాలని చవక కొటేషన్ ఇస్తే, అది ఎందుకు చవకో మీకు అర్థమవుతుంది. ఫాల్స్ సీలింగ్ పైభాగం, నేల కింద కేబుల్ ట్రెంచ్ కూడా కొలతలో వేశారా అని అడగండి, చాలామంది వేయరు.

ఈ గదికే నన్ను ఎంచుకోమంటే, మనుషులు వచ్చిపోయే ప్యానెల్ రూమ్ కాబట్టి నైట్రోజన్ పెడతాను, సిలిండర్లకు పక్కన చోటుంటే. చోటు లేకపోతే ఎఫ్‌కే. ఆ రెండింటికీ డబ్బు సరిపోని చిన్న యూనిట్ అయితే గదిని వదిలేసి, ముఖ్యమైన ప్యానెళ్ల లోపల వేడికి ట్యూబ్ కరిగి అక్కడే గ్యాస్ చిమ్మే సిస్టమ్ లేదా ఏరోసాల్ పెట్టించి, గుమ్మం దగ్గర రెండు సీఓ2 సిలిండర్లు ఉంచుతాను. ఇదేమీ తక్కువ రక్షణ కాదు. ప్యానెల్ మంట పుట్టేది ప్యానెల్ లోపలే కదా.

మిక్చర్, బూందీ వేయించే యూనిట్లకు ఒక మాట. కాగిన నూనె మంటకు గ్యాస్ వదిలితే ఆరి మళ్లీ అంటుకుంటుంది, పౌడర్ కొట్టినా అంతే. అక్కడ వెట్ కెమికల్ కావాలి. అందులో నీళ్లుంటాయి, ఉండనివ్వండి. నూనె మీద సబ్బులా పొర కట్టి చల్లబరిచేది అదే.

గది సంగతి

గ్యాస్ విడుదలయ్యాక కనీసం 10 నిమిషాలు గదిలో నిలవాలి. అలా నిలుస్తుందో లేదో డోర్ ఫ్యాన్ టెస్ట్ చెప్తుంది. తలుపులో ఫ్యాన్ బిగించి గది ఎంత లీకవుతోందో కొలుస్తారు. ఆర్డర్‌లోనే ఈ పరీక్ష రాయించండి, లేకపోతే తర్వాత చేయరు. దానికి ముందు మీరే ఒక పని చేయొచ్చు. గది ఖాళీగా ఉన్నప్పుడు ఏసీ ఆపి, ఎగ్జాస్ట్ ఒక్కటి నడిపి, వెలిగించిన అగరుబత్తిని తలుపు అంచుల వెంట, కేబుల్ ట్రే గోడలో దూరే చోట, ట్రెంచ్ మూతల చుట్టూ తిప్పండి. పొగ ఎక్కడ చెదిరి వంకర తిరిగితే అక్కడ కన్నం ఉన్నట్టు. బ్యాటరీలున్న గదిలో, సాల్వెంట్ గదిలో మాత్రం ఇది చేయకూడదు. ఆ కన్నాలను థర్మోకోల్‌తో కాదు, ఫైర్ సీలెంట్‌తో మూయించండి. ఫైర్ అలారం మోగగానే ఏసీ, ఎగ్జాస్ట్ వాటంతటవే ఆగే ఇంటర్‌లాక్ ఉందో లేదో మీ కళ్లముందే పరీక్ష చేయించండి.

రెండు డిటెక్టర్లు ఒప్పుకుంటేనే గ్యాస్ వదలాలి, వదిలే ముందు 30 సెకన్ల సైరన్ ఉండాలి. గుమ్మం మీద బోర్డు ఇంగ్లిష్‌లో ఒక్కటే ఉంటే చాలదు. శ్రీసిటీలో మన పక్కన తమిళనాడు, ఒడిశా, బిహార్ పిల్లలు పనిచేస్తున్నారు. తెలుగు, తమిళం, హిందీలో రాయించి, సైరన్ మోగితే ఏం చేయాలో షిఫ్టుకు షిఫ్టు చూపించండి. రాత్రి సెక్యూరిటీ గార్డును మరిచిపోవద్దు, ఆ సమయంలో అక్కడ ఉండేది ఆయనే.

కొటేషన్‌లో రీఫిల్ ధర, ఎన్ని రోజుల్లో తెచ్చిస్తారు, సిలిండర్లకు పెసో (పేలుడు పదార్థాలు, ఒత్తిడి సిలిండర్ల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి, మళ్లీ ఎప్పుడు ఒత్తిడి పరీక్ష, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. సిస్టమ్ పనిచేసి సిలిండర్లు ఖాళీ అయ్యాక అవి నిండి వచ్చేదాకా మీ గదికి రక్షణ లేనట్టే. వారంలో వస్తాయా, రెండు నెలలా అన్నదే కొన్నిసార్లు గ్యాస్ ఎంపికను తేల్చేస్తుంది.

ఇక మారిపోయాక మిగిలే పాత ఫోమ్ డ్రమ్ములు. వాటిని కాలువలో పోయించవద్దు, పొలం గట్టున పారబోయించవద్దు, తుక్కు వాడికి ఇవ్వవద్దు. పైపులు కడిగిన నీళ్లూ అదే లెక్క. లేబుల్ మీద ఫ్లోరిన్ కలిసిన పదార్థం ఉందో లేదో చూసి, మూతలు బిగించి, నీడలో గట్టు కట్టిన సిమెంటు నేల మీద ఉంచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికి కాలుష్య నియంత్రణ మండలి మేనిఫెస్ట్‌తో (వ్యర్థాల రవాణా పత్రంతో) పంపండి. ఆ రసీదు ఫైల్లో పెట్టుకోండి.